జపానువారి నడుమ మొహమాటం

తడ రైల్వే స్టేషనులో దిగి పడమరగా సాగితే కొద్ది దూరంలోనే శ్రీసిటీ పారిశ్రామిక వాడ మొదలవుతుంది. 2008లో ఆరంభమైన ఈ వాడలో ఇసుజు, కొబెల్కో, టోరే, డైకిన్ వంటి జపాను సంస్థల కర్మాగారాలు వెలిశాయి. చెన్నైలో కాపురముంటూ జాతీయ రహదారి మీదుగా పనికి వచ్చే జపానీయులు తడ, సూళ్లూరుపేట, సత్యవేడు వాసులకు ఇప్పుడు వింత మనుషులు కారు. మరోవైపు మన యువకులే వారి దేశానికి పయనమవుతున్నారు. సాంకేతిక శిక్షణార్థుల విషయమై 2017లోను, నైపుణ్యం గల కార్మికుల విషయమై 2021లోను భారత్, జపాన్ ప్రభుత్వాల మధ్య ఒప్పందాలు కుదిరాక ఆ బాట మరింత తెరుచుకుంది.

అసర్ నమాజు ముగిసిన తరువాత మస్జిదులో తండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "హజ్రత్, మావాడు జపాను పోతున్నాడు. అక్కడ అంతా పంది మాంసమేనట కదా?" తల్లులు ఇంటి నుండి పంపే ప్రశ్న వేరు: "నమాజు చదువుకోనిస్తారా?" రెండూ తగిన ప్రశ్నలే. అయితే వెళ్లివచ్చిన యువకులతోను, శ్రీసిటీలో జపాను అధికారుల కింద పని చేసే సోదరులతోను మాట్లాడిన కొద్దీ మాకు స్పష్టమైనదేమంటే, మన బిడ్డలను అక్కడ ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పంది మాంసం కాదు. దానిని వారు చూసి తప్పుకుంటారు. ఇబ్బంది పెట్టేది మొహమాటం.

ఇస్లాం అనే మాటే వినని దేశానికి పోతున్నామని ఎవరూ బెంగపడనవసరం లేదు. భోపాలుకు చెందిన మౌల్వీ బర్కతుల్లాహ్ 1909లోనే టోక్యోలో ఉర్దూ బోధకులుగా చేరారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనుమడు, నిజాము సంస్థాన విద్యాశాఖ డైరెక్టరు అయిన సయ్యద్ రాస్ మసూద్ 1922లో జపాను వెళ్లి అక్కడి విద్యావిధానాన్ని పరిశీలించి వచ్చారు. ఆ నివేదిక మరుసటి ఏడు గ్రంథంగా వెలువడింది. ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పుకున్న హైదరాబాదుకు, స్వభాషలోనే సకల శాస్త్రాలు నేర్చుకున్న జపాను ఎంత ప్రీతిపాత్రమై ఉంటుందో ఊహించవచ్చు. కోబె నగరంలో 1935లో లేచిన మస్జిదుకు విరాళాలిచ్చిన వారిలో భారతీయ ముస్లిం వర్తకులున్నారు. యుద్ధకాలపు బాంబులను, 1995 నాటి భూకంపాన్ని తట్టుకుని అది నేటికీ నిలిచి ఉంది. ఇప్పుడు ఆ దేశంలో వందకు పైగా మస్జిదులున్నాయి.

అక్కడ అడుగుపెట్టిన మనవారికి మొదట కలిగేది ఆనందాశ్చర్యమే. గుమ్మం దగ్గర పాదరక్షలు విడవడం మన ఇళ్లలోని ఆచారమే. శౌచాలయానికి ప్రత్యేకమైన చెప్పులుంటాయి. వాటితో గదిలోకి రావడం పెద్ద తప్పు. నీటితో శుభ్రపరిచే ఆసనాలను అక్కడి టోటో సంస్థ 1980 నుండి అమ్ముతోంది; కాగితంతో సరిపెట్టే దేశాలలో అవస్థపడినవారికి ఇదెంత ఊరటో చెప్పనక్కరలేదు. మనం పేరు చివర 'గారు' చేర్చినట్లే వారు 'సాన్' చేరుస్తారు, తన పేరుకు తాను చేర్చుకోకపోవడంతో సహా. తెలుగులో వలెనే క్రియ వాక్యం చివరకు వస్తుంది గనుక మన పిల్లలకు ఆ భాష త్వరగానే పట్టుబడుతుంది.

పోయిన వస్తువుల సంగతి మదరసా విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పదగినది. ఫిఖహ్‌లో 'లుఖతా' అనే అధ్యాయముంది: దొరికిన వస్తువును దాచుకోరాదు, ఏడాది పాటు ప్రకటించాలి, యజమాని వస్తే అప్పగించాలి. జపానులో దొరికిన వస్తువు పోలీసు చౌకీకి చేరుతుంది; మూడు నెలల్లో యజమాని రాకపోతే దొరికినవారు దానిని కోరవచ్చు. యజమాని వస్తే దొరికినవారికి విలువలో అయిదు నుండి ఇరవై శాతం వరకు బహుమానం ఇవ్వాలని చట్టమే చెబుతుంది. ఇదంతా చూచివచ్చి "వారు కలిమా చదవని ముస్లిములు హజ్రత్" అనే సోదరులున్నారు. ఆ మాట మాకు నచ్చదు. తౌహీదు సుగుణాల చివర అతికించే అలంకారం కాదు. పైగా ఆ మాట అనేవారిలో ఎక్కువమంది తమ వీధిలో దొరికిన పర్సును చౌకీకి చేర్చినట్లు మేము వినలేదు.

ఇక మొహమాటం సంగతికి వద్దాము. 'కాదు' అనే మాటను ముఖం మీద అనడం జపానీయులకు మహా కష్టం. "చొత్తొ..." అని సాగదీసి ఆగిపోతే అది కుదరదని అర్థం. "కెంతో శిమాసు", అనగా ఆలోచిస్తాము, అంటే అదీ బహుశా కుదరదనే. "హై" అంటే 'అవును' అని మనవారు మురిసిపోతారు. చాలా సందర్భాలలో దాని అర్థం 'వింటున్నాను' అని మాత్రమే. మనమేమీ తక్కువ తినలేదు. "చూద్దాం సార్" అని తల ఊపుతాము. అది ఔనో కాదో జపాను అధికారికి అంతుబట్టదు. అంతకంటె బాధాకరమైన విషయం మరొకటుంది. రేపు ఒక పని చేస్తానని చెప్పేటప్పుడు దానిని దైవచిత్తానికి ముడిపెట్టి చెప్పాలని దివ్య ఖుర్ఆన్ కహఫ్ సూరాలో ఆదేశించింది. చేయాలన్న దృఢ సంకల్పంతో పలకవలసిన ఆ ఇన్షా అల్లాహ్‌ను మనం చేయని పనికి మర్యాద ముసుగుగా వాడుతున్నాము. గురువారానికి సరుకు సిద్ధం కాదని తెలిసీ ఇన్షా అల్లాహ్ అంటే, విన్న జపానీయుడు కొన్నాళ్లకు ఆ మాటకు 'జరగదు' అనే అర్థాన్ని నేర్చుకుంటాడు. అల్లాహ్ పేరు ఒక పరాయివాడి చెవిలో అలా స్థిరపడటానికి కారకులం మనమే అవుతాము.

ఇలా మొహమాటం గల రెండు జాతులు ఒకచోట కలిసినప్పుడు ఏమవుతుందో పని తరువాతి విందులలో తెలుస్తుంది. 'నొమికై' అని పిలిచే ఈ విందులలో సహోద్యోగులు కలిసి మద్యం సేవిస్తారు. ఏడాది చివర డిసెంబరులో జరిగేది మరీ ముఖ్యం. అక్కడ ఎవరి పాత్రలో వారు పోసుకోరు. చిన్నవాడు లేచి, సీసాను రెండు చేతులా పట్టుకుని పెద్దవాని పాత్ర నింపడం మర్యాద. మా ప్రాంతపు యువకుడొకరు రెండేళ్లు ఇటువంటి విందులకు వెళ్లాడు. ఒక్క చుక్క ముట్టలేదు. ఊలాంగ్ టీతో సరిపెట్టుకున్నాడు. అయితే ప్రతిసారీ తన విభాగాధికారికి మద్యం పోశాడు. "నేను తాగలేదు కదా హజ్రత్" అన్నాడు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంగా తిర్మిజీలో ఉన్న హదీసును అతనికి వినిపించాము. మద్యం విషయంలో శాపగ్రస్తులైన పదిమందిలో తాగేవాడితో పాటు పోసేవాడు, మోసేవాడు కూడా ఉన్నారు. మద్యం తిరుగాడే విస్తరి వద్ద విశ్వాసి కూర్చోరాదని మరో హదీసు వారిస్తోంది. కనుక పోయడమే కాదు, ఆ పంక్తిలో కూర్చోవడమూ తగదు.

అతడు తిరిగి వెళ్లాక అధికారితో విషయం చెప్పాడు. ఆయన కోపగించుకోలేదు, నవ్వలేదు. "ముందే ఎందుకు చెప్పలేదు? రెండేళ్లు నిన్ను కష్టపెట్టాను" అని తల వంచి క్షమాపణ కోరాడట. ఆ అధికారికి ఈ నియమం అర్థం కావడం కష్టమేమీ కాదు. బండి నడపబోయేవానికి మద్యం అందించినవాడూ, నడిపేవాడు తాగాడని తెలిసీ తనను తీసుకుపొమ్మని కోరి ఎక్కినవాడూ శిక్షార్హులేనని 2007లో జపాను తన రహదారి చట్టాన్ని సవరించుకుంది. పోసిన చేతికి బాధ్యత ఉందని వారికి తెలుసు. మనవాడు నోరు తెరవలేదంతే.

అందుకే వెళ్లే ప్రతి యువకుడూ ఒక వాక్యాన్ని కంఠస్థం చేయాలని మా సలహా: "శూక్యోజో నో రియూ దె, ఒసాకె ఒ త్సుగు కొతో గ దెకిమాసెన్." మత కారణం చేత మద్యం పోయలేను అని దీని భావం. దీనిని విందు మధ్యలో, సీసా చేతికి వచ్చాక చెబితే అందరి ముందు అధికారి చిన్నబుచ్చుకుంటాడు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, ఏకాంతంలో, నెమ్మదిగా చెప్పాలి. విందుకు బదులు ఒక మధ్యాహ్నం వారితో కలిసి భోజనం చేస్తానని ఆహ్వానించాలి. స్నేహాన్ని కాదనడం లేదని వారికి తెలియాలి కదా.

ఆహారం విషయంలోనూ ఇదే పద్ధతి. పంది అని పేరు పెట్టి వచ్చేది తక్కువ. రామెన్ అనే సేమ్యా వంటి వంటకపు పులుసు చాలాచోట్ల పంది ఎముకలతో కాచినది. కూరల్లో తీపి కోసం వేసే మిరిన్ బియ్యపు మద్యమే. కూరపొడి ముద్దలలో జంతువుల కొవ్వు, మిఠాయిలలో జెలటిన్ ఉండవచ్చు. సోయా ద్రావకంలో పులియడం వలన సహజంగా ఏర్పడే స్వల్పాంశం గురించి పలువురు ఉలమా సడలింపు ఇచ్చారు. మిరిన్‌కు ఆ సడలింపు లేదు. చేపలు నిశ్చింతగా తినవచ్చు. అయితే ఆక్టోపస్ ముక్కలు పెట్టిన ఉండలు వీధివీధినా అమ్ముతారు. షాఫయీలకు అభ్యంతరం లేకున్నా మన హనఫీ మజ్‌హబ్‌లో అవి తగవు. ఒకరి ఇంటికి విందుకు పిలిచినప్పుడు, ఏమేమి తినకూడదో రెండు రోజుల ముందు కాగితం మీద వ్రాసి ఇస్తే ఆ ఇంటి ఇల్లాలు దానిని అక్షరాలా పాటిస్తుంది. వడ్డించాక పక్కకు నెట్టితే ఆమెకు అవమానం, మొహమాటపడి తింటే మనకు పాపం. తల్లులకు మరొక మాట: మాంసపు పచ్చళ్లు మూటకట్టి పంపకండి. ధ్రువపత్రం లేని మాంస పదార్థాలను జపాను విమానాశ్రయంలోనే ఆపివేస్తారు. గోంగూర, ఆవకాయ చాలు.

వంగి నమస్కరించడం గురించి అడుగుతారు. సోదరుని కలిసినప్పుడు వంగవచ్చునా అని అడిగినవానికి దైవప్రవక్త (సఅసం) వద్దని చెప్పి, కరచాలనానికి అనుమతించారని తిర్మిజీలోనే ఉంది. రుకూ వలె నడుము వంచవద్దు. చిరునవ్వుతో తలను కాస్త ఆడించి పలకరిస్తే చాలు. విదేశీయుని నుండి వారు అంతకు మించి ఆశించరు. వసతిగృహాలలో, వేడినీటి ఊటల వద్ద అందరూ నగ్నంగా కలిసి స్నానం చేసే ఆచారముంది. నాభి నుండి మోకాలి వరకు కప్పుకోవడం పురుషునిపై విధి గనుక, వేరే సమయంలో ఒంటరిగా స్నానం చేస్తానని నిర్వాహకునికి మొదటి రోజే చెప్పాలి.

నమాజు విషయానికి వస్తే, జూన్‌లో టోక్యోలో నాలుగున్నరకు ముందే సూర్యోదయం. ఫజ్ర్ సమయం మూడింటికి ముందే ప్రవేశిస్తుంది. డిసెంబరులో నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు గనుక అసర్ పని వేళలోనే ముగిసిపోతుంది. కర్మాగారాలలో సాధారణంగా ఉదయం పదింటికి, మధ్యాహ్నం మూడింటికి చిన్న విరామముంటుంది. ఆ మూడింటి విరామం అసర్‌కు సరిపోతుంది. చిక్కంతా వుజూలో ఉంది. ముఖం కడిగే తొట్టిలో కాలు పెట్టడం చూస్తే జపానీయులు హడలిపోతారు. వారి శుచి భావన అటువంటిది, అందులో తప్పు లేదు. ఇంటి వద్ద పూర్తిగా వుజూ చేసి తోలు మేజోళ్లు తొడుక్కుంటే, స్థిర నివాసి ఒక పగలు, ఒక రాత్రి పాటు వాటిపై మసహ్ చేసుకోవచ్చు. ఈ మస్అలాను మన పిల్లలకు కితాబులో చదివిస్తాము కానీ ఆ మేజోళ్లు చూపించము. ప్రయాణానికి ముందు ఒక జత కొనిపెట్టండి. పదిహేను రోజులు మించి ఉండే సంకల్పంతో దిగినవాడు ముసాఫిర్ కాడు. అతనికి ఖస్ర్ లేదు, జుమా బాధ్యతా తప్పదు. కనుక శుక్రవారపు వేళను ఒప్పందంపై సంతకం చేయక ముందే అడగాలి.

ఏ తండ్రీ నోట అనలేని విషయం ఒకటి మిగిలి ఉంది. జపానులో దాదాపు అందరినీ దహనం చేస్తారు. ఖననానికి వీలిచ్చే ఖబరస్థానాలు చాలా తక్కువ. ఓయిటా ప్రాంతపు హిజి పట్టణంలో ముస్లిములు స్థలం కోసం ఏళ్ల తరబడి ప్రయత్నించగా, తాగునీరు కలుషితమవుతుందని స్థానికులు అభ్యంతరం చెప్పారు. ఒంటరిగా ఉన్న యువకునికి ఏదైనా జరిగితే, చుట్టూ ఉన్నవారు సదుద్దేశంతోనే తమ పద్ధతి ప్రకారం సాగనంపే ప్రమాదముంది. వీలునామా వ్రాయదగిన విషయమున్న ముస్లిం రెండు రాత్రులు గడవకుండా దానిని వ్రాసి ఉంచుకోవాలని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు. కనుక తనను దహనం చేయరాదని, ఫలానా మస్జిదు వారికి కబురు చేయాలని, దేహాన్ని స్వదేశానికి పంపే ఖర్చు ఎవరిదో జపాను భాషలో ఒక కాగితం వ్రాయించుకోవాలి. ఒక ప్రతి పాస్‌పోర్టుతో పాటు, ఒకటి సంస్థ వారి వద్ద, ఒకటి దగ్గరి మస్జిదులో. నాలుగవది ఇంట్లో అబ్బా చేతికి ఇవ్వాలి. అది ఏమిటో ఆయనకు చదివి వినిపించి మరీ ఇవ్వాలి.