బండి ముందు నాకే చెప్పింది

మా ఇంట్లో కారు ఎవరిదని అడిగితే అందరూ మావారిదనే చెబుతారు. ఆర్‌సీ ఆయన పేరు మీద ఉంది, ఇన్సూరెన్స్ కట్టేది ఆయనే, ఆదివారం పైపు పట్టుకుని కడిగేదీ ఆయనే. నడిపేది మాత్రం నేను. పాపని ట్యూషన్‌కి, అత్తయ్యగారిని ఫిజియోథెరపీకి, మార్కెట్‌కి, పెళ్ళిళ్ళకి అన్నిటికీ నేనే. ఆయన ఆఫీసుకి మెట్రోలో వెళతారు.

2012 మోడల్ ఎస్‌యూవీ, ఆటోమేటిక్. ఆరేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. అత్తయ్యగారికి మోకాళ్ళు వంగవు, కిందికి ఉండే చిన్న కార్లో కూర్చుంటే మళ్ళీ లేవలేరు. నేనేమో ముప్పై ఎనిమిదేళ్ళకి డ్రైవింగ్ నేర్చుకున్నదాన్ని, క్లచ్ అంటే ఇప్పటికీ భయమే. అందుకే ఆ బండి.

డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున్నే రివర్స్‌లో పెడితే వెంటనే కదల్లేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకునేంత సేపు ఆగి, చిన్న కుదుపుతో వెనక్కి వెళ్ళింది. సాయంత్రం మావారితో "రివర్స్‌లో పెడితే కాస్త ఆలోచిస్తోందండీ" అన్నాను. "చలికి అలాగే ఉంటుంది, రెండు నిమిషాలు వేడెక్కనీ" అన్నారు. సంక్రాంతి తర్వాత ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ గట్టిగా అరుస్తోంది కానీ వేగం పెరగడం లేదు. ఆ రోజు మా మరిది ఇంట్లోనే ఉన్నాడు. నాకు తెలిసిన మాటల్లో చెప్పాను. "మిక్సీలో జార్ సరిగ్గా కూర్చోకపోతే మోటారు తిరుగుతుంది, బ్లేడు తిరగదు చూడు, అచ్చం అలా ఉంది." ఇద్దరూ నవ్వారు. "వదినకి బండిలో కూడా వంటిల్లే కనిపిస్తుంది" అన్నాడు మరిది. నేనూ నవ్వేశాను. అదే నేను చేసిన తప్పు. నవ్వేసి ఊరుకున్నాను, మళ్ళీ ఎత్తలేదు.

మార్చిలో, శివరాత్రి రద్దీ తగ్గాక, శ్రీశైలం వెళ్ళాం. దర్శనం బాగా అయింది. తిరుగు ప్రయాణంలో డ్యామ్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మావారు నడుపుతున్నారు. దోమలపెంట దాటాక మాడు వాసన వచ్చింది. ఎదురుగా ఎర్ర లైటు వెలిగింది. యాక్సిలేటర్ ఎంత తొక్కినా బండి అంగుళం కదలలేదు. సాయంత్రం ఆరున్నర, ఫోన్‌లో సిగ్నల్ లేదు, చుట్టూ అమ్రాబాద్ అడవి. రాత్రి తొమ్మిదింటికి మన్ననూరు చెక్‌పోస్టు మూసేస్తారు, తెల్లారి ఆరింటికి గానీ తియ్యరు. వెనక సీట్లో డెబ్భై నాలుగేళ్ళ అత్తయ్యగారు, ఆవిడ పక్కన పాప. అప్పుడు పట్టిన చెమట ఇప్పుడు రాస్తుంటే కూడా పడుతోంది.

ముప్పావు గంట ఆగాక బండి చల్లారింది. స్టార్ట్ చేస్తే కదిలింది కానీ ఒకే గేరులో ఇరుక్కుపోయింది. గేర్‌బాక్స్ తనని తాను కాపాడుకోవడానికి అలా చేస్తుందట. పాకుతున్నట్టుగా వచ్చి, ఎనిమిదిన్నరకి మన్ననూరు చేరాం. అక్కడ పూర్తిగా ఆగిపోయింది. ఒక ట్రాక్టర్ అబ్బాయి తాడు కట్టి కల్వకుర్తి దాకా లాగుతానన్నాడు, మావారు సరే అన్నారు కూడా. అడవిలో ఆగినప్పుడు ఏం తోచక డాష్‌బోర్డ్ అరలోంచి తీసి చదివిన బండి పుస్తకం ఇంకా నా చేతిలోనే ఉంది. చక్రాలు నేల మీద ఉంచి లాగొద్దని అందులో స్పష్టంగా రాసి ఉంది. గేర్‌బాక్స్‌లో ఆయిల్ తిప్పే పంపు ఇంజిన్‌తోనే నడుస్తుంది. ఇంజిన్ ఆపి లాగితే చక్రాలతో పాటు లోపలి భాగాలు తడి లేకుండా తిరిగి, మిగిలిందీ పోతుంది. "తాడు వద్దు బాబూ" అన్నాను. మర్నాడు బండి మొత్తాన్ని పైకెక్కించుకునే లారీ హైదరాబాద్ నుంచి వచ్చింది.

గ్యారేజీకి నేనే వెళ్ళాను. మెకానిక్ "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. "నడిపేది నేను, నన్ను అడుగు బాబూ" అన్నాను. ఏం జరిగిందో చెప్పమంటే మళ్ళీ మిక్సీ సంగతే చెప్పాను. అతను నవ్వలేదు. "అదే మేడమ్, స్లిప్పింగ్ అంటే అదే" అన్నాడు. తర్వాత తెల్ల గుడ్డ మీద రెండు ఆయిల్ చుక్కలు వేసి చూపించాడు. కొత్తది దానిమ్మ రసంలా ఎర్రగా ఉంది. మా బండిలోది నల్లగా, మాడిన పోపు వాసన కొడుతోంది.

మా బండి గేర్‌బాక్స్ ఆ ఆయిల్‌తోనే బతుకుతుందని నాకు ఆ రోజే తెలిసింది. మాదాంట్లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది, ఇంజిన్ బలాన్ని ఆ ఆయిలే అవతలికి అందిస్తుంది. లోపలి క్లచ్ ప్లేట్లని నొక్కి పట్టేది దాని ఒత్తిడే, వేడిని మోసుకెళ్ళేదీ అదే. ఘాట్ రోడ్డు మీద నిండు బరువుతో మెల్లగా ఎక్కితే వేడి పుడుతుంది, పాత ఆయిల్ దానికి తట్టుకోలేదు, ప్లేట్లు జారతాయి, జారితే ఇంకా వేడి. ఆటోమేటిక్ అని పేరున్నవన్నీ ఇలా ఉండవు. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర చవగ్గా వచ్చిన ఏఎంటీ రకం మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేర్లు మార్చే పని మాత్రం మెషిన్ చేస్తుంది. మీ బండి ఏ రకమో ఈ రోజే కనుక్కోండి, అడగడానికి సిగ్గుపడకండి.

ఇంటికొచ్చి ఆరేళ్ళ సర్వీస్ బిల్లులు ముందేసుకు కూర్చున్నాను. ఇంజిన్ ఆయిల్ ఏటా మార్చారు. గేర్ ఆయిల్ ఒక్కసారి కూడా లేదు. ఒకసారి అడిగితే "అది లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అన్నారని మావారు చెప్పారు. ఎవరి లైఫ్‌టైమ్? జెడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ పెద్ద పెద్ద కార్లకి ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చేస్తుంది. ఆ కంపెనీయే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చుకోమంటుంది. మాది అప్పటికి 1,30,000 దాటింది. అలాగని జారడం మొదలయ్యాక ఆయిల్ మార్చేస్తే అంతా బాగైపోతుందనుకోకండి. అరిగిన ప్లేట్లు మళ్ళీ పుట్టవు. డిసెంబర్‌లో నేను చెప్పినప్పుడే చూపించి ఉంటే కొన్ని వేలతో పోయేదేమో. ఇది మావారి ముందే చాలాసార్లు అన్నాను కాబట్టి ఇక్కడ రాయడానికి మొహమాటం లేదు.

కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్ళు గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు, నాలుగున్నర లక్షలు. బండి అమ్మితేనే అంత రాదు. బయటి మెకానిక్ విప్పి, ప్లేట్లు, వాల్వ్ బాడీ మార్చి, 1,40,000కి చేసిస్తానన్నాడు. అప్పుడు మా మరిది ఒక సలహా ఇచ్చాడు. స్కానర్ పెట్టి ఆ లైటు తీసేయిద్దాం, చల్లగా ఉన్నప్పుడు బండి బాగానే కదులుతోంది, ఉదయం పూట చూపించి అమ్మేద్దాం అని. చెడ్డవాడు కాదు. అందరూ చేసేదే చెప్పాడు. మావారు అవుననలేదు, కాదనలేదు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ బండి కొనేది ఎవరు? మాలాంటి వాళ్ళే. క్లచ్ అంటే భయపడే ఒక ఇల్లాలు, కాళ్ళు నొప్పులున్న ఒక అత్తగారు. రేపు ఆవిడ కూడా "ఆలోచిస్తోందండీ" అంటే ఆవిడ ఇంట్లోనూ నవ్వుతారు. నేనీ మాటలు వెతుక్కుంటుంటే అత్తయ్యగారు మంచం మీంచే అన్నారు, "అడవిలో మనం కూర్చున్నది చాలదా, ఇంకొకళ్ళని కూర్చోబెడతావట్రా?" మరిది మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

రెండు దారులే మిగిలాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పి వచ్చినంతకి అమ్మేయడం, లేదా బాగు చేయించడం. పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ ఇంకో రెండేళ్ళలో అయిపోతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి రెన్యువల్. లెక్క తెలిసినవాళ్ళు అమ్మేయమనే అంటారు, అది తప్పని నేననను. కానీ అమ్మగా వచ్చే దానితో అత్తయ్యగారు ఎక్కి దిగగలిగే ఇంకో ఆటోమేటిక్ దొరకదు. దొరికినా దానిలోపల ఏముందో మళ్ళీ మొదటి నుంచి తెలుసుకోవాలి. వంటిల్లు మార్పించుకుందామని రెండేళ్ళుగా చీటీ కడుతున్నాను. ఆ పాట పాడి డబ్బు తెచ్చాను. నా అలమరాల తలుపులు ఇంకా కిర్రుమంటూనే ఉన్నాయి. ఎక్కువ ఇచ్చానా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది కూడా.

డబ్బు ఇచ్చేముందు పాత ప్లేట్లు చూపించమన్నాను, బిల్లులో ఏ ఆయిల్ పోశారో పేరుతో సహా రాయించాను, ఆరు నెలల గ్యారంటీ కాగితం మీద తీసుకున్నాను. మార్చిన తేదీ, కిలోమీటర్లు గ్యాస్ పుస్తకం వెనక రాసి పెట్టాను.

మొన్న ఆదివారం మావారు బండి కడుగుతూ, తల ఎత్తకుండానే అడిగారు, "రివర్స్‌లో ఏమైనా ఆలోచిస్తోందా?"

లేదన్నాను. ఎడమవైపు ముందు చక్రం దగ్గర మాత్రం గుంతల్లో ఏదో టక్కుమంటోందని చెప్పాను. బకెట్ పక్కన పెట్టి, వంగి చూశారు.