సగటు మాటున

ఆన్‌లైన్ కోర్సు బాగా నడుస్తోందని చెప్పడానికి విద్యాసంస్థలు మామూలుగా చూపించేవి ఎంతమంది చేరారు, ఎన్ని వీడియోలు పెట్టాం, ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఎంతమంది బాగుందన్నారు అన్న లెక్కలే. చదువు వచ్చిందా లేదా అన్నది వీటిలో ఎక్కడా తేలదు. పైగా ఆ ఫారం నింపేది చివరిదాకా నిలిచినవాళ్లు. మధ్యలో జారిపోయినవాళ్ల మాట లెక్కలోకే రాదు.

2010లో అమెరికా విద్యాశాఖ ప్రచురించిన సమీక్షలో ఆన్‌లైన్‌లో చదివినవాళ్లు తరగతిలో చదివినవాళ్లకన్నా కాస్త మెరుగ్గా తేలారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లకు ఆ వాక్యం కంఠస్థం. ఆన్‌లైన్‌నూ తరగతినీ కలిపి నడిపిన చోట్ల పిల్లలకు చాలాసార్లు అదనపు సమయం, అదనపు పాఠ్యసామగ్రి దొరికాయని, ఫలితాన్ని మాధ్యమం ఖాతాలో వేయొద్దని ఆ రచయితలే హెచ్చరించారు. ఆ హెచ్చరిక మాత్రం ఎవరికీ గుర్తులేదు.

2017లో వచ్చిన మరో అధ్యయనం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. అమెరికాలో ఒక పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఒకే కోర్సును రెండు రకాలుగా నడిపారు. సిలబస్, పుస్తకం, అసైన్‌మెంట్లు అన్నీ ఒకటే. అయినా ఆన్‌లైన్‌లో తీసుకున్నవాళ్ల గ్రేడ్లు తగ్గాయి, చదువు మానేయడం పెరిగింది. దెబ్బ ఎక్కువగా తగిలింది అంతకుముందే వెనకబడి ఉన్నవాళ్లకు. వాషింగ్టన్ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీల్లో 40,000 మందికి పైగా విద్యార్థుల రికార్డులు చూసినప్పుడూ ఇదే తీరు: మగపిల్లలు, చిన్నవయసువాళ్లు, నల్లజాతివారు, తక్కువ మార్కులవాళ్లు మిగతావారికన్నా ఎక్కువ నష్టపోయారు. బాగా చదివేవాడు ఎలా చెప్పినా చదువుతాడు. సగటు తీసేసరికి వాడి మార్కుల వెనక మిగతావాళ్లు కనబడరు.

మన దగ్గర 2021 నుంచి ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ద్వారా చదవొచ్చు. తలుపు తెరవడం తప్పుకాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది, ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు డిగ్రీ అందించింది. కాకపోతే అక్కడ పుస్తకంతో పాటు స్టడీ సెంటర్ కూడా ఉంది, ఎదురుగా కూర్చుని సందేహం అడగడానికి ఒక మనిషి ఉన్నాడు.

ఇప్పటి కోర్సుల్లో చాలావాటికి ఆ మనిషి లేడు. వారం వారం వచ్చే బహుళైచ్ఛిక ప్రశ్నలను యంత్రమే దిద్దుతుంది. వాటి జవాబులు యూట్యూబ్‌లో, టెలిగ్రామ్ గ్రూపుల్లో దొరుకుతాయి. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన అమ్మాయి ఇంగ్లీషు వీడియోను రెండుసార్లు వెనక్కి తిప్పి చూస్తుంది, అర్థంకాదు, గ్రూపులో వచ్చిన ఎ, సి, బి, డిలను నొక్కేస్తుంది. తెర మీద పదికి పది. ఆమెకు ఏది తెలియలేదో కోర్సు నడిపేవారికి ఎప్పటికీ తెలియదు.

ఎంఐటీ, హార్వర్డ్ ఉచిత కోర్సుల్లో 2017-18లో పూర్తిచేసినవారు చేరినవారిలో 3.13 శాతమే. సరదాకి చేరినవాళ్లు అందులో ఉన్నారు కాబట్టి సరిపెట్టుకోవచ్చు. డిగ్రీకి క్రెడిట్ ఇచ్చే కోర్సుకు ఆ సాకు చెల్లదు.

కోర్సును ఆమోదించే ముందు విశ్వవిద్యాలయం ఒక్క సంగతి అడగాలి: మూడో వారానికి లాగిన్ కావడం మానేసినవాళ్ల జాబితా ఎవరి బల్ల మీదికి వెళ్తుంది, వాళ్లకు ఎవరు ఫోన్ చేస్తారు? ఆ పనిచేసే మనిషి జీతం బడ్జెట్‌లో లేకపోతే దరఖాస్తు వెనక్కి పంపేయాలి.