బొమ్మ పక్కకు జరిగింది, పెళ్లి వీడియో పాడైనట్లేనా?

ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల తీసుకొంటున్నాము. వారింట్లో విండోస్ ఎక్స్‌పీ గల పాత లాప్‌టాప్ ఉంది. గతించిన తండ్రిగారు కనిపించే పెళ్లి వీడియో అందులోనే ఉన్నది. వేస్తే మాట సరిగానే వినిపిస్తుంది గాని, బొమ్మ కుడివైపునకు జరిగి అంచున మనుషులు సగానికి తెగిపోతున్నారట. ఎడమవైపు నల్లటి పట్టీ. ఫైలు పాడైపోయింది గనుక తీసివేద్దామని ఇంట్లోవారు అంటున్నారట.

అమ్మా, దయచేసి ఆ ఫైలు తీసివేయకండి. మీరు వ్రాసిన గుర్తులను బట్టి చూస్తే వీడియోకు ఏమీ కాలేదు.

ఆ కాలపు లాప్‌టాప్‌లలో ప్రాసెసరుకు శ్రమ తగ్గించడానికి, తెరమీది మిగతా బొమ్మలతో వీడియోను కలిపేవారు కారు. ప్లేయరు తన చట్రంలో ఒక ప్రత్యేకమైన రంగు పూసి ఊరకుంటుంది. గ్రాఫిక్స్ చిప్పు వీడియోను తన మెమరీలో వేరే చోట ఉంచుకొని, తెరకు పంపే చివరి క్షణంలో ఆ రంగున్న చోట వీడియోను చూపిస్తుంది. దీన్నే ఓవర్‌లే అంటారు. అట్టకు కిటికీ కోసి వెనుకనుండి ఫొటో పెట్టినట్లన్నమాట. ఫొటో కాస్త జరిగితే ఒక ప్రక్క ఖాళీ, మరొక ప్రక్క బొమ్మ తెగడం. మీ ఇంట్లో జరిగినది అదే.

ఎక్కడ పెట్టాలో చిప్పుకు చెప్పేది డ్రైవరు. 1024×768 తెర మీద 800×600 పెట్టి దాన్ని తెరనిండా సాగదీస్తే, కొన్ని డ్రైవర్లు వీడియో స్థానాన్ని తప్పుగా లెక్కవేసేవి. రెండవ తెర తగిలించినా చిక్కే. యవ్వనస్థుల కూటాల్లో ప్రొజెక్టరు నడిపినవారికి ఇది తెలిసే ఉంటుంది: లాప్‌టాప్‌లో వీడియో, గోడమీద మాత్రం నల్లని డబ్బా! చాలా చిప్పులకు ఓవర్‌లే ఒక్కటే ఉండేది మరి.

నిర్ధారణకు, వీడియో ఆడుతుండగా ప్రింట్ స్క్రీన్ మీట నొక్కి, ప్లేయరు మూసివేసి, పెయింటులో అతికించండి. బొమ్మకు బదులు ఉత్త రంగు వస్తే ఓవర్‌లేయే. (ప్లేయరు మూయకపోతే పెయింటులోని ఆ రంగు మీద కూడా వీడియో ఆడి, చూచేవారిని బెదరగొట్టవచ్చు!)

ఇప్పుడు రెండవ తెర తీసివేసి, రిజల్యూషన్‌ను తెర అసలు కొలతకు మార్చండి. చాలామందికి ఇంతటితో సరిపోతుంది. కాకుంటే వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో వీడియో విభాగానికి వెళ్లి ఓవర్‌లే దగ్గరి టిక్కు తీయండి. బొమ్మ కొంచెం ఆగి ఆగి ఆడవచ్చు గాని, ఉండవలసిన చోటే ఉంటుంది.

డ్రైవరు మార్చడం అటు తరువాతి మాట. లాప్‌టాప్ తయారుచేసినవారు ఆ మోడలుకు ఇచ్చినదే వేయండి, ఊరూపేరూ లేని సైట్లలోనిది వద్దు. ఎక్స్‌పీకి భద్రతా మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయినవి గనుక, ఆ లాప్‌టాప్‌ను ఇంటర్నెట్‌కు కలపక, వేరొక కంప్యూటరులో దించుకొని పెన్‌డ్రైవులో తెచ్చుకోండి.

వీటన్నిటికంటె ముందు ఆ ఫైలును రెండుచోట్ల కాపీ చేసుకోండి. ఒక కాపీ ఫోనులోని వీఎల్‌సీలో వేసి, నాన్నగారు నిండుగా కనబడుతున్నారో లేదో ఇంట్లోవారినే చూడమనండి.