గాలి అందరిదీ అయితే యాంటెన్నా ఎవరిది?

వైర్‌లెస్ అంటే పోలీసుల చేతిలోనో, ఆఫీసర్ల జీపులోనో ఉండే వస్తువని మనలో చాలామంది అనుకుంటాం. మామూలు మనుషులు కూడా పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, ఇంటి నుంచే వైర్‌లెస్‌లో మాట్లాడవచ్చు. దాన్నే అమెచ్యూర్ రేడియో, హామ్ రేడియో అంటారు. ఈ మాట సంఘం సమావేశాల్లో చెప్పినప్పుడల్లా 'అది మనకెందుకు?' అన్న ప్రశ్న వస్తుంది. కర్నూలు, కడప జిల్లాల అనుభవమే దానికి జవాబు.

మనవి కరువు జిల్లాలు. అయినా నీళ్లే మనల్ని ముంచాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అప్పటి కడప జిల్లాలో రాజంపేట దగ్గర పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి ఊళ్ల మీద వరద పడింది. ప్రాజెక్టు ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. అలాంటి వేళ కబురు ముందుగా ఎవరికి అందుతుంది? ఫోను ఉన్నవాళ్లకు. ఇంటికి ఒకటే ఫోనుంటే అది మగవాడి జేబులోనే ఉంటుంది. టవరు ఆగిపోతే అదీ మూగబోతుంది. పిల్లల్ని, ముసలివాళ్లను, గొడ్లను చూసుకునే మనిషికి కబురు చివరికి చేరడం ప్రకృతి వైపరీత్యం కాదు, వివక్ష.

హామ్ సెట్టుకు టవరు అక్కర్లేదు. 12 వోల్టుల బ్యాటరీ, ఒక సెట్టు, ఒక తీగ చాలు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. అండమాన్ వాసుల క్షేమ సమాచారాన్ని బయటి ప్రపంచానికి అందించినవారిలో ఆమె ముఖ్యులు. అంటే ఈ పని స్త్రీలు చేసి చూపించిందే.

వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెప్పింది. ఆ ఆస్తిలో మన వాటా ఎంత? హామ్‌ల పరిభాషలో మగవాడు 'ఓల్డ్ మ్యాన్'. ఆడమనిషికి ఎనభై ఏళ్లున్నా 'యంగ్ లేడీ'యే! పేరు ముద్దుగానే ఉంది. కానీ తలుపు ఎవరి కోసం తెరిచారో కూడా అది చెబుతోంది.

లైసెన్సు కేంద్ర టెలికాం శాఖ ఇస్తుంది. పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయవచ్చు. జనరల్, రిస్ట్రిక్టెడ్ అని రెండు తరగతులు. రెండోదానికి మోర్స్ కోడ్ అవసరం లేదు. నిబంధనలు, కాస్త ఎలక్ట్రానిక్స్ చదివితే సరిపోతుంది. మా సంఘం నుంచి ఇద్దరమ్మాయిల్ని పంపుతామని శిక్షణ ఇచ్చే ఒకాయనను అడిగాను. 'మిద్దెలెక్కే పనమ్మా, మగపిల్లలుంటే పంపండి' అన్నాడు. పత్తి చేలో ఎండకు నిలబడే మనిషి మిద్దె ఎక్కలేదా?

నిజానికి యాంటెన్నాను చూసుకోవడం మనకు తెలిసిన పని లాంటిదే. 7 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడటానికి సుమారు 20 మీటర్ల తీగను రెండు గుంజల మధ్య కడతారు. మన ఎండకు నైలాన్ తాడు పెళుసుబారుతుంది. ఏడాదికోసారి మార్చాలి. కేబులు అతుకుల్లోకి నీళ్లు దిగకుండా తొలకరికి ముందే టేపు చుట్టాలి. ఉరుము వినబడితే తీగ ఊడదీయాలి. నల్లరేగడి నెర్రెలిచ్చే వేసవిలో ఎర్తింగ్ గుంత ఎండిపోతే ఎర్తు సరిగా అందదు. బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోస్తుండాలి. ఆ బిందె మోసేది ఎవరు? నీళ్లు మోయడానికి పనికొచ్చిన మనం మైకు పట్టుకోవడానికి ఎందుకు పనికిరాం?

ఒక విషయంలో పొరపడకూడదు. హామ్ రేడియో ప్రసార కేంద్రం కాదు. పాటలు, ప్రచారం, వ్యాపారం, రాజకీయం దాంట్లో కుదరవు. మన కష్టసుఖాలు ఊరంతటికీ వినిపించాలంటే కమ్యూనిటీ రేడియో కావాలి. జహీరాబాద్ దగ్గర దళిత స్త్రీలు 2008లో మొదలుపెట్టిన సంఘం రేడియో అలాంటిది. హామ్ సెట్టు ఆపద కోసం. అయితే వరద రోజున బయటికి తీస్తే అది పలకదు. వారానికోసారైనా కూర్చుని మాట్లాడుతుండాలి.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. పరీక్ష కర్నూలులో, కడపలో పెట్టాలి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇవ్వాలి. విపత్తు నిర్వహణ నిధుల నుంచి నదీతీర మండలాల మహిళా సంఘాలకు సెట్లు కొనివ్వాలి. సెట్టు ఇచ్చి తాళం మగవాళ్ల దగ్గర పెట్టే పద్ధతి వద్దు. లైసెన్సు స్త్రీ పేరున ఉండాలి, రిపేరు పని కూడా ఆమెకే నేర్పాలి. చెడిపోతే బాగుచేసుకోలేని వస్తువు మన సొంతం కాదు.

ఒక్కో సంఘం నుంచి ఇద్దరు చాలు. ఈ ఏడాది దరఖాస్తులు పెట్టిద్దాం.