వెర్వోర్డు వేసిన కంచెలు

కన్నులెఱ్ఱజేసి కఱ్ఱపట్టి వచ్చు క్రూరుని జూచి పసివాడైనను తొలగిపోవును. చిరునవ్వుతో, మృదువచనములతో, చేత చట్టపు కాగితము పట్టుకొని వచ్చు వానిని గుర్తించుటయే కష్టము. 1958 మొదలు 1966 వఱకు దక్షిణాఫ్రికాకు ప్రధానమంత్రిగా నుండిన హెండ్రిక్ వెర్వోర్డు ఈ రెండవ తెగవాడు. ఆతని చరిత్రము మన పాఠకులు తెలిసికొనదగినదని మే మెంచుచున్నాము.

ఆతడు 1901లో హాలెండు దేశమందలి ఆమ్‌స్టర్‌డాము నగరమున జన్మించి, పసితనముననే తలిదండ్రులతో దక్షిణాఫ్రికా చేరెను. వలసవచ్చినవాని బిడ్డ, ఆ మట్టిలో తరతరములుగా బుట్టి పెరిగిన నల్లవారిని వారి యింటనే పరదేశీయులుగా జేయబూనుట కాలవైపరీత్యము గాక మఱేమి? స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై మనస్తత్త్వశాస్త్రమును, పిదప సంఘశాస్త్రమును బోధించెను. 1936లో, జర్మనీనుండి ప్రాణభీతిచే వచ్చు యూదులను దేశమున జేర్చుకొనరాదని తోడి ఆచార్యులతో గూడి యలజడి చేసెను. 1937లో “డీ ట్రాన్స్వాలర్” పత్రికకు తొలి సంపాదకు డయ్యెను. ఆ పత్రిక నాజీల ప్రచారమునకు తోడ్పడుచున్నదని వ్రాసిన మఱియొక పత్రికపై వ్యాజ్యము వేసి, 1943లో ఓడిపోయెను. కలము పట్టినవారమగుటచే ఈ సంగతి మాకు మిక్కిలి సిగ్గు గొలుపుచున్నది.

1948లో ఆతని కక్షవారికి అధికారము వచ్చెను. 1950లో ఆతడు స్థానికజనుల వ్యవహారములకు మంత్రి యయ్యెను. ద్వేషమునకు శాసనరూప మిచ్చుటయే ఆతని ప్రజ్ఞ. 1953 నాటి బంటు విద్యాచట్టము నల్లపిల్లల చదువును ఆతని శాఖ చేతిలో బెట్టెను. నల్లబాలునకు గణితమేల యని ఆ మంత్రి యడిగెను. తెల్లవారి సమాజమున కొన్ని తీరుల కాయకష్టమునకు మించి వానికి చోటులేదనుట ఆతని సిద్ధాంతము. 1959 నాటి మఱియొక చట్టముచే, దేశభూమిలో నూటికి 13 వంతులకు మించని ముక్కలు నల్లవారి స్వదేశములుగా నేర్పాటయ్యెను. ఈ ఘోరమునకు ఆతడు పెట్టిన ముద్దుపేరు మంచి పొరుగుతనము! పొరుగువాని గడపను పెల్లగించు పొరుగుతనమును లోకము మున్నెన్నడైన వినియుండెనా?

ఇది కేవలము పరుల గోడు గాదు. 1860 మొదలు మద్రాసు రేవునుండి నేటాలు చెఱకుతోటలకు కూలి ఒడంబడికపై పోయినవారిలో తెలుగువారును గలరు. వారి సంతతివారు 1931లో అచట ఆంధ్రమహాసభను స్థాపించుకొనిరి. 1950 నాటి నివాసప్రాంతముల చట్టము డర్బనులోని కేటోమేనరు మొదలగు పేటలనుండి భారతీయ కుటుంబములను గదలించెను. నూఱేండ్లు ఆ నేలపై చెమటోడ్చిన జనమును 1961 వఱకు అచటి ప్రభుత్వము దేశపు శాశ్వతప్రజగా నంగీకరింపలేదు.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసుల కాల్పులకు 69 మంది బలియైరి. 1966 సెప్టెంబరు 6న పార్లమెంటు భవనముననే అచటి బంట్రోతు ఒకడు వెర్వోర్డును కత్తితో పొడిచి చంపెను. మనుష్యుడు చచ్చెనుగాని చట్టము చావలేదు. కత్తికి కంఠము తెగునుగాని శాసనము తెగదు. దానిని తెంచుటకు ప్రజల ధిక్కారము కావలెను. 1976 జూన్ 16న సొవెటో బడిపిల్లలు, ఆఫ్రికాన్సు భాషలో చదువవలెనను నిర్బంధమును ధిక్కరించి వీథులకెక్కి, గుండ్లకు రొమ్ములొడ్డిరి. ఏ బడులలో బానిసలను దీర్చిదిద్దదలచిరో, ఆ బడులనుండియే వీరులు వెడలిరి! 1994 ఏప్రిలులో వర్ణభేదములేక సర్వజనులును ఓటు వేసిరి. మఱుసటి యేట అధ్యక్షుడు మండేలా, తెల్ల ఆఫ్రికానరులే తమకై నిర్మించుకొన్న ఒరానియా గ్రామమునకు బోయి, వెర్వోర్డు భార్యతో గూర్చుండి తేనీరు గ్రోలెను. కంచె వేసినవాని యింటికి కంచె దాటి పోయిన యా నడక యెన్ని యుపన్యాసములకు సాటి!

ఐనను ఒరానియా నేటికిని నిలిచియున్నది. మన రాజ్యాంగము 1950లోనే అస్పృశ్యతను రద్దుచేసినను, ఊరికిని వాడకును నడుమ గోడలు మన దేశమునను సమూలముగ గూలలేదు. దూరపు దొరను నిందించుట సులభము. ఆచారమనియు, శాంతియనియు, పొరుగుతనమనియు పేరిడి మనిషికిని మనిషికిని నడుమ గోడగట్టు వాడు ఏ రంగువాడైనను వెర్వోర్డు శిష్యుడే. తీయని పేరుతో శాసనము వచ్చినప్పుడెల్ల, ఇది ఎవరి బిడ్డను బడివాకిట నిలిపివేయునని మొదట నడుగుడు. ఆ ప్రశ్న నడుగ మఱచిన జాతి తన మెడకు తానే ఉరిత్రాడు పేనుకొనును.