గృహప్రవేశమునకు ముందు

మన మధ్యతరగతి కుటుంబములలో ఇల్లు కొనుట యొక జీవితకాలపు కార్యము. ఇరువది యేండ్లు జీతములో మిగిల్చిన సొమ్మును, ఇల్లాలి మెడలోని బంగారమును, బ్యాంకువారిచ్చిన యప్పును ఒక్కచోట జేర్చి యొక పాత యింటిని కొందురు. రిజిస్ట్రేషను ముగిసి తాళపుచెవులు చేతికి వచ్చిన మరునాడు ఆ యింటిని జూచుటకు మొట్టమొదట పిలువబడువారెవరు? ఇంజనీరు కాదు. అనుభవశాలియైన తాపీమేస్త్రీ కాదు. రేపటినుండి ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకిన పిదప వరకు ఆ యింటిలో పాటుపడవలసిన యిల్లాలును కాదు. వాస్తుసిద్ధాంతి! ఆయన చేతిలోని దిక్సూచి యెటు చూపిన నటు గోడలు కూలుచున్నవి.

ఈ యాచారమును మేము ఖండించుచున్నాము. కొన్న యింటిని మార్చుకొనుట తప్పని మా యభిప్రాయము కాదు. ఒకరి యవసరములకు గట్టిన యిల్లు వేరొకరి యవసరములకు సరిపోవుట యరుదు. ఆ మార్పును వట్టి యింటిలో జేయుటయే సులభము. బియ్యపు బస్తాలు, బీరువాలు, మంచములు చేరిన పిదప గోడ తవ్వుటయు, గచ్చు పగులగొట్టుటయు ప్రాణాంతకమైన పని. ధూళి యన్నములో బడును, వృద్ధుల దగ్గు పెరుగును. కావున తాళపుచెవులు చేతికి వచ్చిన నాటికిని, పాలు పొంగించు నాటికిని నడుమనున్న రెండు మూడు నెలలే యింటిని జక్కబరచుకొనుటకు అమూల్యమైన కాలము. కాని యా కాలమును, అప్పటికి మిగిలిన కొద్ది ధనమును ముగ్గురు దొరలు పంచుకొనుచున్నారు. మొదటివాడు వాస్తు, రెండవవాడు ముహూర్తము, మూడవవాడు డంబము. కాపురముండువారికి మిగులునది అప్పు మాత్రమే. మా వాదమంతయు నొక్కటియే: క్రొత్తగా గొన్న యింటిపై బెట్టు మొదటి రూపాయి అందు నివసించువారి ప్రాణరక్షణకును, ఆ యింటి చాకిరి చేయువారి దేహసౌఖ్యమునకును జెందవలెను, తక్కిన వన్నియు పిమ్మట.

మొదట వాస్తువు మాట విచారింతము. “ఈశాన్యమున మరుగుదొడ్డి యున్నది, తీసివేయుడు, నైరృతిలోని తలుపు మూయుడు, వంటయింటిని ఆగ్నేయమునకు మార్చుడు” అని సిద్ధాంతి సెలవిచ్చును. గృహస్థు తల యూపును. పాత యిండ్లలో పెక్కింటికి స్తంభములు లేవు. ఇటుక గోడయే కప్పును మోయుచుండును. అట్టి గోడలో క్రొత్త ద్వారమునకు కన్నము వేయుట మనుష్యుని వెన్నులో నొక పూసను లాగివేయుట వంటిది. కప్పునకు దన్ను పెట్టక, ద్వారముపై తగిన లింటెలు వేయక గోడను గోసినచో స్లాబు బీటలు వారును. ఒక్కొక్కచో పనివారి మీదనే కూలును. స్తంభములపై గట్టిన భవనములలో ఇటుక గోడ తీసినను కప్పు నిలుచును గాని, స్తంభమును గాని బీమును గాని చెక్కరాదు. ఏది బరువు మోయు గోడయో, ఏది వట్టి యడ్డుగోడయో చెప్పవలసినవాడు ఇంజనీరు, దిక్సూచి చెప్పజాలదు. అపార్టుమెంటులలో నీ సాహసము మరింత పాపము. అచట మన కప్పనునది పై యింటివారి నేల గదా!

చెన్నపట్టణమునందును, కోస్తా పట్టణములందును మిగిలియున్న పాత మిద్దెలు కొన్నింటికి మద్రాసు టెర్రసు గలదు. టేకు దూలముల మీద సన్నని యిటుకలను నిలువుగా బేర్చి సున్నముతో గట్టిన కప్పు అది. దూలపు కొన గోడలోనే నిలిచియుండును. గోడను గదల్చినచో దూలమును గదల్చినట్లే. ఇట్టి సున్నపు గోడలకు చెమ్మను బీల్చి మరల గాలికి విడుచు గుణము కలదు. వానిపై దట్టముగా సిమెంటు గిలాబు చేయించి, ఇంటిని బలపరచితినని గృహస్థు సంతసించుచుండగా, చెమ్మ లోపలనే బంధింపబడి గోడను దినుచుండును. ఇది చెప్పు సిద్ధాంతి నొక్కనిని మేము వినలేదు.

“మరి శాస్త్రమో?” యని కొంద రడుగుదురు. శాస్త్రమును నిందించుట మా పని కాదు. ఆరవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్యను జెప్పెను. భూమి లోపలి నీటిజాడలను దెలిసికొను విధమును, వజ్రలేపమును గూడ జెప్పెను. అనగా తన కాలమున దెలిసిన విద్యనంతయు నాత డొకచోట గూర్చెను. ఆనాడు విద్యుత్తు లేదు, గ్యాసు పొయ్యి లేదు. మీటరు పెట్టె యే మూల నుండవలెనో, ఇన్వర్టరు ఏ దిక్కున నుండవలెనో యాతడు చెప్పలేదు. నేటివారు కల్పించి యాతని నోట బెట్టుచున్నారు. ప్రాచీనులయందు మనకు నిజమైన గౌరవమున్నచో, వారు తమ కాలపు విద్యను గ్రహించినట్లు మనము మన కాలపు విద్యను గ్రహింపవలదా?

ఇక ముహూర్తము. “మూఢము వచ్చుచున్నది, అటుపిమ్మట ఆషాఢము, ఈ పక్షము దాటినచో నెలల తరబడి మంచి దినము లేదు” అని పురోహితుడు చెప్పిన మరుక్షణము నుండి మేస్త్రీ రేయింబవళ్లు పని చేయించును. సిమెంటు గిలాబును కనీసము 7 దినములు తడుపవలెను. కాంక్రీటు బలమును 28 దినముల వయస్సున లెక్కించుట ఇంజనీర్ల నియమము. తడిసిన గోడ యారుటకు వారములు పట్టును. ఆరని గోడపై రంగు పూసినచో పొక్కులు లేచి, ఉప్పు పొంగి, బూజు పట్టును. స్నానాల గది నేలకు నీరు దిగకుండ పూత వేసిన పిదప ఒకటి రెండు దినములు నీరు నిలిపి, క్రింద చెమ్మ దిగుచున్నదో లేదో చూచిన గాని పైన పలకలు పరవరాదు. నక్షత్రము కొరకు సిమెంటు త్వరపడదు. అయినను మనవారు త్వరపడుదురు. ఫలితముగా పాలు పొంగిన ఆరు నెలలకే పలకలు పెల్లగింపవలసి వచ్చును.

“అద్దెయు, బ్యాంకు వాయిదాయు రెండును గట్టుచున్నాము, ఆలస్యము మా తరమా?” యని యడుగువారు గలరు. ఇది న్యాయమైన మాట. కాని యొక నెల యద్దెకు వెరచి చేసిన పనిని మరల జేయించుకొనువాడు ఎన్ని నెలల యద్దె పోగొట్టుకొనుచున్నాడో లెక్కింపవలదా? గృహప్రవేశమును వలదని మేమనుట లేదు. బంధువులు కూడుటయు, పిల్లలు క్రొత్త యింట సందడి చేయుటయు శుభమే. పని ముగిసిన పిదప ముహూర్తము చూచుకొనుడు. ముహూర్తమును జూచి పనిని ముగింపకుడు.

మూడవదియైన డంబము తక్కిన రెంటిని మించినది. వచ్చినవారు కూర్చుండు హాలులో ఫాల్స్ సీలింగు, అందు దాగిన రంగురంగుల దీపములు, టెలివిజను వెనుక పాలరాతి పలకలు, సింహద్వారమునకు చెక్కడపు పని. వీనికి వెచ్చించు ధనమునకు మితము లేదు. హాలు దాటి వంటయింటి కేగుడు. ఒక చిన్న కిటికీ, దానికెదురుగా పొరుగింటి గోడ. మన 2016 నాటి జాతీయ భవన నియమావళి వంటి గ్రంథములు గదికి గాలివెలుతురుల కొరకు విడువదగిన మేరను నిర్ణయించినవి: తడివేడి ప్రాంతములలో నేల వైశాల్యమునందు ఆరవ వంతు, పొడివేడి ప్రాంతములలో పదవ వంతు. మన వంటయిండ్లలో నెన్ని యీ పరీక్షకు నిలుచును?

వంటగట్టు ఎత్తును మేస్త్రీ తన యలవాటును బట్టి కట్టును. అది వంట చేయువారి మోచేతికి నాలుగైదు అంగుళములు దిగువ నుండిన గాని నడుము నొప్పియు, భుజముల నొప్పియు తప్పవు. కొలత తీయుటకు టేపు చాలును. ఇల్లాలి నొకసారి పిలిచిన చాలును. ఆ పిలుపే లేదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలమీద బరచుకొనును. పైన ఫ్యాను పెట్టితిమి చాలునని మురియువారు నేలకు దగ్గరగా గాలి పోవు త్రోవను విడువరు. ఇక పనిమనిషి గిన్నెలు తోముకొను చోటు? పెరటిలో కొళాయి క్రింద, ఎండలో, పాచి పట్టిన రాతిమీద! కాళ్లుచేతులు కడుగుకొనుటకును, మరుగుదొడ్డికి బోవుటకును ఆమెకును చోటు కావలెనని యెంతమంది గృహస్థులకు దోచినది? వంట స్త్రీలదే యని మేము శాసించుట లేదు. చేయుచున్నవారు వారే గనుక వారి మాట ముందు వినవలెననుచున్నాము.

కంటికి గానరాని యపాయములు మరికొన్ని గలవు. పాత యింటిలోని వైరింగు నాటి దీపములకును, పంకాలకును వేసినది. నేడు దానికే ఏసీ, గీజరు, మైక్రోవేవు తగిలింతుము. తీగలు వేడెక్కి నిప్పంటుకొనును. ఎర్తు సరిగా నున్నదో లేదో పరీక్షించి, 30 మిల్లీ యాంపియర్ల ఆర్.సి.సి.బి.ని అమర్చినచో, తడిచేతితో స్విచ్చు ముట్టిన పిల్లవాడు బ్రదుకును. చెక్కడపు తలుపుతో పోల్చిన దాని వెల యెంత? రంగుల విషయము మరి యొకటి. గృహములకు వాడు రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదని కేంద్రప్రభుత్వము 2016లో నియమము చేసెను; అది 2017 నవంబరు 1వ తేదీనుండి యమలులోనికి వచ్చెను. అంతకుముందు పూసిన రంగుల పొరలలో సీసముండవచ్చును. ఆ పొరలను పొడిగా గీకినచో లేచు ధూళి పసివారి మెదడునకు విషము. ఆస్బెస్టాస్ రేకులను పగులగొట్టినను, కన్నములు వేసినను లేచు పోగులు ఊపిరితిత్తులకు మృత్యువు. గీకువానికిని, పగులగొట్టువానికిని ప్రాణమున్నది. తడిపి పని చేయింపుడు. పనివారికి తగిన ముసుగు లిండు. పిల్లలను, గర్భిణులను ఆ దినములలో నచటికి రానీయకుడు.

స్నానాల గదిలో వృద్ధులు జారిపడి తుంటి యెముక విరుగుట మనము నిత్యము వినుచునే యున్నాము. గరుకు పలకలు, గోడకొక పట్టుకమ్మి, ఎత్తైన గడప లేని ద్వారము — ఇంతమాత్రమునకు ధనము చాలదా? మిద్దెపై తెల్లని పూత పూసిన వేసవి తాపము తగ్గును. తెలంగాణా ప్రభుత్వము 2023లో ఈ చల్లని కప్పులకై యొక విధానమునే ప్రకటించెను. సీలింగు దీపముల ఖర్చులో కొంత మిద్దె పైకి జేరినచో ఇంటిల్లిపాదియు వేసవిలో నిదురింపగలరు.

ఇందు కొందరి యాక్షేపణ మిది: “వాస్తు చూడకున్న మనశ్శాంతి యుండదు, రేపు అమ్మబోయిన కొనువాడు రాడు.” మనశ్శాంతి కావలసినదే. అప్పుపైన అప్పు చేసి గోడలు మార్చినవానికి మనశ్శాంతి యెట్లు గలుగును? నూటికి తొమ్మిది వడ్డీకి 5 లక్షలు తెచ్చి కూల్చుటకును గట్టుటకును వెచ్చించినవాడు ఏటికి 45,000 రూపాయలు వడ్డీయే కట్టవలెను. ఇంట నెవరికైన జ్వరము వచ్చినచో సిద్ధాంతి మరల వచ్చి మరియొక గోడను జూపును. ఈ భయమునకు తుది లేదు. కొనువాడు రాడను మాటకు మా ప్రత్యుత్తరము: రేపు కొనువాని భయమునకై నేడు కాపురముండువారి సొమ్మును, సుఖమును బలియిచ్చుట యే న్యాయము? భయము బేరములో నొకరినుండి యొకరికి సంక్రమించు వ్యాధి. దానిని మన యింటితో నాపుట మన ధర్మము.

అట్లయిన జేయదగిన దేమి? మొదట ఇంటివారందరును, ముఖ్యముగా స్త్రీలును వృద్ధులును, ఆ వట్టి యింటిలో నొక దినము గడపి ఎవరికేమి కావలెనో కాగితముపై వ్రాయవలెను. వాన కురియునప్పుడు ఇంటిని జూచుట మరియు మంచిది. పగటి వెలుతురులో దాగిన చెమ్మ వానలో బయటపడును. పిదప ఇంజనీరుచే గోడలను, కప్పును, చెదలను, తూములను పరీక్షింప జేయవలెను. పనికి క్రమము గలదు: ముందు కప్పు ఊటలు, మురుగు తూములు, నీటి గొట్టములు; తరువాత వైరింగు; ఆపైన గిలాబు; అటుపిమ్మట నేల; కట్టకడపట రంగు. ఈ క్రమము తప్పినచో పూసిన గోడను మరల తవ్వవలసి వచ్చును. మేస్త్రీతో కొలతలు, ధరలు, గడువు వ్రాతపూర్వకముగా నుండవలెను; సొమ్ము పని జరిగిన కొలది నీయవలెను. మొత్తములో పదవ వంతైనను తవ్విన పిదప బయటపడు లోపములకై దాచియుంచవలెను. ధనము చాలనిచో ఆగవలసినది హాలు, వంటయిల్లు కాదు.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ యింట మొదటి వితంతువివాహమును జరిపించిరి. పెద్దలు వెలివేసిరి, వారు వెనుదీయలేదు. ఆ యిల్లు నేటికిని వారి స్మారకముగా నిలిచియున్నది. దాని సింహద్వారము ఏ దిక్కునకున్నదో లోకము విచారించుట లేదు. ఆ ద్వారమున నెవరికి ప్రవేశము లభించెనో దానినే స్మరించుచున్నది.

గృహస్థులారా! వెలివేతకు వెరవనివారి వారసులమని చెప్పుకొను మనము ఒక దిక్సూచికి వెరతుమా? సోదరీమణులారా! మీ బంగారము చేరిన యింటిలో మీ మాటయు చేరవలెనని పట్టుపట్టుడు. మేస్త్రీ వచ్చిననాడు మీరును నిలువుడు. గట్టు ఎత్తును మీరే కొలిపింపుడు. కిటికీ యెచ్చట నుండవలెనో మీరే చూపుడు. ఆ కొలతలు కాగితముపై కెక్కిన పిదపనే గోడపై మొదటి గునపము పడనిండు.