పరిశోధనకు పెద్ద పాలేరు

హైదరాబాదులో హైటెక్ సిటీ దాటి గచ్చిబౌలి వైపు పోయినచో ట్రిపుల్ ఐటీ విద్యాసంస్థ కనబడును. 1998లో స్థాపింపబడినది, కంప్యూటరు విద్యకు పేరుపొందినది. ఆ సంస్థవారు 2004వ సంవత్సరమున ఆచార్య పి. కృష్ణారెడ్డి గారి నాయకత్వమున ‘ఈ-సాగు’ అను పథకమును ఆరంభించి, నాటి వరంగల్లు జిల్లాలోని ఊరుగొండ, గూడెప్పాడ్, ఓగ్లాపూర్ గ్రామములలో 1,051 పత్తి చేలకు సలహాలు చెప్పిరి. నిపుణులు చేనికి రాలేదు. చేనే ఫోటోల రూపమున వారి కడకు పోయినది.

ఇది వినగానే మనవారు కంప్యూటరును మెచ్చుకొందురు. నేను మెచ్చుకొనునది వేరు. ప్రతి చేనును వారమునకొకమారు చూచి ఫోటో తీయుటకు ఊరిలోనే సమన్వయకర్తలు ఉండిరి. నాడు పల్లెలలో వేగము గల ఇంటర్నెట్ లేదు. కావున ఫోటోలను సీడీలపై ఎక్కించి కొరియరులో హైదరాబాదునకు పంపెడివారు. నిపుణులు వ్రాసిన సలహా టెలిఫోను తీగ మీదుగా గ్రామ కేంద్రమునకు చేరెడిది. దానిని సమన్వయకర్త రైతుకు అందజేసెడివాడు. ఇందు ఏ పని ఆగినను తక్కినదంతయు వృథా. శనగపచ్చ పురుగు గ్రుడ్డు మూడు నాలుగు దినములకే పగులును. పురుగు కాయలో దూరిన పిమ్మట మందు చల్లి లాభమేమి?

పెద్ద కమతములో ఏ పైరు వేయవలెనో ఆసామి నిర్ణయించును. మృగశిర కార్తె రాకముందే గొర్రు, గుంటక, విత్తనము, కూలీలు సిద్ధముగా నున్నదీ లేనిదీ చూచువాడు పెద్ద పాలేరు. పరిశోధనా బృందములో అట్టివానిని ఆపరేషన్స్ మేనేజరు అందురు. కొనుగోళ్లు, జీతములు, ప్రయాణములు, గడువులు అతని పాలు. హైటెక్ సిటీ కంపెనీలలో ఈ ఉద్యోగము సర్వసాధారణము. విశ్వవిద్యాలయములలో మాత్రము ఈ బరువు తరచుగా ఆచార్యుని నెత్తినో, డాక్టరేటు విద్యార్థి నెత్తినో పడుచున్నది. పురుగును చూడవలసిన కన్ను బిల్లులు చూచుచుండును!

ఆ జీతముతో మరియొక పరిశోధకుని నియమింపవచ్చును గదా యని కొందరందురు. ఇద్దరు ముగ్గురు ప్రయోగశాలలో చేసికొను పనికి ఈ మాట చెల్లును. వెయ్యి చేలతో ముడిపడిన పనికి చెల్లదు. అయితే కాగితములు మాత్రమే తెలిసిన గుమాస్తా చాలడు. పత్తి తీయునప్పుడు మధ్యాహ్నము రైతు ఇంట దొరకడని తెలిసినవాడు కావలెను. పథకమునకు డబ్బు మంజూరు చేయునప్పుడే ఈ ఉద్యోగమునకును జీతము కేటాయించుట అవసరమని నా అభిప్రాయము.

గ్రామాధికారులకొక మనవి. మీ యూరికి పరిశోధకులు వచ్చి నేల నమూనాలో, పంట వివరములో అడిగినప్పుడు శాస్త్రజ్ఞుని పేరుతో తృప్తిపడకుడు. ఫలితము ఏ తేదీకి వచ్చును, ఎవరు తెచ్చును, రాకున్నచో ఎవరిని పిలువవలెను అని అడుగుడు. ఆ పేరును, ఫోను నంబరును వారు ఊరు విడువకముందే పంచాయతీ కార్యాలయపు బోర్డుపై వ్రాయించుడు.